పగ్గం పట్టి చూపే గుర్రం: పాఠకుల ప్రశ్నలు, పశువైద్యుని జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం గుర్రాల ప్రదర్శన పోటీలను గురించినవే కావడంతో, పాడి పశువులకు సంబంధించిన ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, ఈసారి వీటికే జవాబులు ఇస్తున్నాను. ఇక్కడ పోటీ అంటే పరుగు పందెం కాదు. జీను వేయకుండా, ఎవరూ ఎక్కకుండా, ఒక మనిషి పగ్గం పట్టి గుర్రాన్ని న్యాయనిర్ణేత ముందు నిలబెట్టి, నడిపించి, కొద్ది దూరం పరుగెత్తించి చూపే పోటీ. ఇన్ హ్యాండ్ తరగతి అని ఇంగ్లీషులో పిలిచేది దీనినే.

ప్రశ్న: డాక్టర్ గారూ, నేను రెండున్నర ఏళ్ల మార్వాడీ జాతి ఆడ గుర్రపు పిల్లను పెంచుతున్నాను. దత్త జయంతికి మహారాష్ట్రలోని సారంగ్‌ఖేడాలో జరిగే గుర్రాల సంతకు తీసుకువెళ్లి పోటీలో నిలబెట్టాలని కోరిక. న్యాయనిర్ణేతలు ఏమి చూస్తారు? ఇప్పటి నుంచి దానికి ఏమి నేర్పాలి? (ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: ముందుగా దాని పళ్లు చూడండి. మన దేశంలోని మార్వాడీ పోటీలలో పిల్ల గుర్రాలను పళ్లను బట్టి విభజించడం పరిపాటి. పాలపళ్లన్నీ ఉన్నవాటిని ‘అదంత్’ అని, ముందరి మధ్య పళ్లు రాలి రెండు శాశ్వత దంతాలు వచ్చినవాటిని ‘దో దంత్’ అని పిలుస్తారు. మన ప్రాంతంలో ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలలో రెండు పళ్ల విభాగం, నాలుగు పళ్ల విభాగం అని మైకులో చెప్పడం మీరు వినే ఉంటారు కనుక ఈ లెక్క మీకు కొత్త కాదు. గుర్రానికి మధ్య పళ్లు రెండున్నర ఏళ్లకు, వాటి పక్కవి మూడున్నరకు, చివరివి నాలుగున్నరకు మారుతాయి. ఎద్దుకు పై దవడలో ముందు పళ్లు ఉండవు గాని, గుర్రానికి రెండు దవడలలోనూ ఉంటాయి కనుక రెండూ చూడాలి. మీ పిల్ల సరిగ్గా ఎల్లమీద ఉంది. ఈ రోజు అదంత్‌గా ఉన్నది మార్గశిర పౌర్ణమి నాటికి దో దంత్ కావచ్చు, అప్పుడు దానికంటే కొన్ని నెలలు పెద్దవై, ఛాతీ నిండిన పిల్లల పక్కన నిలబడవలసి వస్తుంది. పేరు నమోదు చేయించే ముందు పళ్లను ఏ రోజున పరీక్షిస్తారో నిర్వాహకులను అడిగి తెలుసుకోండి.

న్యాయనిర్ణేత మొదట దూరం నుంచి, పక్క వైపు నుంచి చూస్తారు. తల, మెడ, నడుము, పిరుదులు ఒకదానితో ఒకటి పొంది ఉన్నాయా, భుజం వాలుగా ఉందా నిట్టనిలువుగా ఉందా, వెన్ను మరీ పొడవుగా లేదా పల్లంగా ఉందా అన్నది ఆ ఒక్క చూపులోనే తేలిపోతుంది. తరువాత దగ్గరకు వచ్చి ఎదుటి నుంచి, వెనక నుంచి కాళ్లను చూస్తారు. ముందు కాలు మోకాలి వద్ద వెనక్కి వంగి ఉండటం పెద్ద లోపంగా లెక్కకు వస్తుంది, ఎందుకంటే పరుగులో బరువంతా ఆ కీలు మీదనే పడుతుంది. వెనక కాళ్లలో హాక్ అని పిలిచే మధ్య కీళ్లు ఒకదానివైపు ఒకటి మొగ్గి, గిట్టలు ఎడంగా పడటం మరొక లోపం. ఇది మార్వాడీలలో కొంత మేరకు తరచుగా కనిపించేదే కనుక స్వల్పంగా ఉంటే సరిపెట్టుకుంటారు. పై దవడ ముందుకు పొడుచుకు వచ్చి పళ్లు ఒకదానిపై ఒకటి ఆనకపోతే మాత్రం సరిపెట్టుకోరు, అది సంతానానికి సంక్రమించే లోపం. ఇక మార్వాడీకి ప్రత్యేకమైన లక్షణాలు ఉండనే ఉన్నాయి: లోపలికి వంగి కొనలు తాకే చెవులు, ఎత్తుగా మోసే మెడ, పలుచని చర్మం, సన్నని గట్టి కాళ్లు. ఈ జాతి పెంపకందారులలో చెవుల మోజు మితిమీరిందని నా అభిప్రాయం. కొనలు చక్కగా కలుస్తాయని మురిసిపోయి, కాళ్లు వంకరగా ఉన్న జతను కట్టించి, ఆ వంకరను నాలుగు తరాలకు పంచేవారు ఉన్నారు. చెవులు చూసి కొనండి, తప్పు లేదు, కాని గిట్టలు చూసిన తరువాతనే చూడండి.

ఇక నేర్పవలసిన వాటిలో నిలబడటం మొదటిది. న్యాయనిర్ణేత వైపున్న ముందు కాలు కొంచెం ముందుకు, అదే వైపు వెనక కాలు కొంచెం వెనక్కి ఉండి, అవతలి వైపు రెండు కాళ్లు వాటి మధ్యలో కనబడేలా నిలిపితే నాలుగు కాళ్లూ ఒకేసారి చూపుకు అందుతాయి. కాలిని చేత్తో ఎత్తి పెట్టడం, బూటుతో తన్ని జరపడం పనికిరావు. పగ్గంతో ఒక అడుగు ముందుకు, ఒక అడుగు వెనక్కి నడిపిస్తూ, కాలు సరైన చోట పడిన క్షణంలోనే పగ్గం వదులు చేసి, మూపు మీద గోకండి. మూపు దగ్గర గోకితే గుర్రం నెమ్మదిస్తుంది. గుర్రాలు పరస్పరం ముద్దు చేసుకునేది కూడా అక్కడే. మొదటి వారాలలో రెండు నిమిషాలు కదలకుండా నిలబడితే చాలు. పది నిమిషాలు నిలబెట్టాలని పట్టుబడితే అది విసిగి, పోటీ రోజున నిలబెట్టగానే గిట్టతో నేల గీకడం మొదలుపెడుతుంది.

నడకకు వస్తే, మీరు గుర్రానికి ఎడమ వైపున, దాని భుజానికి సమంగా నడవాలి. కుడి చేతితో దవడకు జానెడు కింద పగ్గం పట్టుకుని, మిగిలిన భాగాన్ని మడతలుగా ఎడమ చేతిలో ఉంచుకోండి. పగ్గాన్ని ఎన్నడూ అరచేతికి చుట్టుకోవద్దు. గుర్రం బెదిరి లాగితే వేళ్లు విరుగుతాయి. తలను కిందికి గాని మీ వైపుకు గాని లాగి పట్టుకుంటే అది వంకరగా నడుస్తుంది, న్యాయనిర్ణేత ఆ వంకర దాని కాళ్లలో ఉందనుకుంటారు. మలుపు ఎప్పుడూ కుడి వైపుకే, అంటే గుర్రాన్ని మీ నుంచి అవతలికి నెడుతూ తిప్పాలి. మీ వైపుకు లాగి తిప్పితే గిట్ట మీ పాదం మీద పడే ప్రమాదం ఉన్నది సరే, వెనక కాళ్లు గతి తప్పి గుర్రం తూలినట్లు కనబడుతుంది, పైగా మీరు న్యాయనిర్ణేతకు అడ్డం వస్తారు. అడుగు ఎంత సాగుతోందో తెలుసుకోవడానికి మన నల్లరేగడి నేల చాలు. చిరుజల్లు పడిన మరుసటి ఉదయం నడిపించి వెనక్కి తిరిగి చూడండి: వెనక గిట్ట ముద్ర ముందు గిట్ట ముద్ర మీద గాని, దానిని దాటి గాని పడితే నడక బాగున్నట్లే.

కొన్ని మార్వాడీలకు పుట్టుకతోనే రేవాల్ అనే కుదుపులేని నడక ఉంటుంది. అది చూడముచ్చటగా ఉంటుంది గాని, న్యాయనిర్ణేత ట్రాట్ చూపమన్నప్పుడు ట్రాట్‌నే చూపాలి. ఎదురెదురు మూలల కాళ్లు జతగా లేచే ఆ చిన్న పరుగులోనే కుంటి బయటపడుతుంది. రెండున్నర ఏళ్ల పిల్లకు ఎముకలు ఇంకా ఎదుగుతూనే ఉంటాయి కనుక రోజూ మొత్తం సాధన పావుగంట మించకూడదు, పొడవైన తాడు కట్టి గుండ్రంగా తిప్పడం ఈ వయసులో మానాలి. ఎండాకాలంలో గుంటూరులో సూర్యోదయానికి ముందే పని ముగించండి.

ప్రశ్న: మా నాన్నగారు ఒంగోలు గిత్తలను పశు ప్రదర్శనలకు తోలుకువెళ్లి బహుమతులు తెచ్చేవారు. నేను ఇప్పుడు ఒక మగ గుర్రాన్ని కొన్నాను. ఆ అనుభవం దీనికి పనికివస్తుందా? (ఒక రైతు, తెనాలి మండలం)

జవాబు: కంటికి వచ్చిన శిక్షణ పూర్తిగా పనికివస్తుంది. గుంటూరు దగ్గర లాం ఫారంలోని ఒంగోలు మందను చూసి పెరిగిన కన్ను, వెన్ను తీరు, కాళ్ల నిలుపు, గిట్టల బిగువు గుర్రంలోనూ వెంటనే పడుతుంది. చేతికి వచ్చిన అలవాట్లు మాత్రం మార్చుకోవాలి. గిత్తకు ముకుతాడు ఉంటుంది, దానిని కొద్దిగా బిగించగానే తల లొంగుతుంది. గుర్రానికి ముక్కు కుట్టరు. తలకు కట్టిన పటకా మీద వెనక్కి లాగి పట్టుకుంటే అది ఇంకా బలంగా వెనక్కి లాగుతుంది, చివరకు పైకి లేస్తుంది. లాగి వెంటనే వదలడం, మాట వినగానే వదులు చేయడం గుర్రంతో పనిచేసే పద్ధతి.

మరొక తేడా అలంకరణ. గిత్తకు కొమ్ములు తుడిచి, గంటలు కట్టి, మూపురానికి పసుపు కుంకుమలు పెట్టి తీసుకువెళ్లడం మనకు శోభ. ఉత్తరాది గుర్రాల సంతలలో కూడా తురాయిలు, మెడకు హారాలు కనబడతాయి. అయితే మెడ, ఛాతీ కలిసే చోటును, కాళ్లను కప్పే నగలేవైనా న్యాయనిర్ణేత ముందుకు వెళ్లేటప్పుడు తీసివేయండి. దాచినది లోపమేనని అనుభవమున్న కన్ను అనుమానిస్తుంది.

మీది విత్తులు తీయించని మగ గుర్రమైతే ఇంకొక జాగ్రత్త అవసరం. ఆడ గుర్రాల పక్కన దానిని వట్టి తల పటకాతో తీసుకువెళ్లవద్దు. బ్రిటన్‌లో రెండేళ్లు దాటిన మగ గుర్రాలకు నోట కళ్లెం తప్పనిసరి అని చాలా సంఘాల నిబంధన. మన దగ్గర నిబంధన ఉన్నా లేకపోయినా మీరు పాటించండి. ఆ కళ్లెం నునుపైనదై ఉండాలి. ముళ్ల కళ్లెం సంగతి కింద మరొక జవాబులో వస్తుంది.

ప్రశ్న: మా గుర్రానికి సూపర్ నేపియర్ గడ్డి, తవుడు, ఉడికించిన ఉలవలు కడుపు నిండా పెడుతున్నాము. పోటీకి ముందు ఒంటికి మెరుపు రావాలని తవుడు పెంచాము. రెండు నెలలుగా ముఖం ఎముకలు ఉబ్బినట్లు ఉన్నాయి, నడక బిగుసుకుపోయింది. దెబ్బ తగిలిందంటారా? (ఒక పాఠకుడు, కంకిపాడు)

జవాబు: దెబ్బ అయితే ఒక వైపే ఉబ్బుతుంది. కళ్ల కింద, ముక్కు ఎముకకు రెండు వైపులా సమంగా ఉబ్బి, దానితో పాటు నడక బిగుసుకుపోవడం కాల్షియం లోపానికి గుర్తు. ఈ ఉత్తరాన్ని చదివిన వెంటనే మీ గుర్రాన్ని గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాలకు గాని, దగ్గరలోని పశువైద్యునికి గాని చూపించండి.

కారణాన్ని కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే కృష్ణా గుంటూరు జిల్లాలలో పాడి కోసం పెంచిన గడ్డినే గుర్రానికీ వేయడం సహజం. నేపియర్ జాతి గడ్డిలో ఆక్సలేట్లు ఎక్కువ. ఆవు, గేదె కడుపులోని సూక్ష్మజీవులు ఈ ఆక్సలేట్లను చాలా వరకు విరగగొట్టివేస్తాయి కనుక వాటికి హాని తక్కువ. గుర్రానికి నెమరువేసే కడుపు లేదు. ఆక్సలేటు పేగులోనే కాల్షియాన్ని పట్టుకుని ఒంటికి పట్టకుండా బయటకు తీసుకుపోతుంది. తవుడు చేసే పని వేరు: అందులో భాస్వరం కాల్షియం కంటే అనేక రెట్లు ఎక్కువ. దాణా మొత్తం మీద కాల్షియం భాస్వరం కంటే ఎక్కువగా, దాదాపు ఒకటిన్నర రెట్లు ఉండాలి. మీరు పెట్టే మేతలో ఆ లెక్క తలకిందులైంది. రక్తంలో కాల్షియం తగ్గకుండా ఉండటానికి శరీరం ఎముకల నుంచి దానిని తీస్తుంది, ఖాళీ అయిన చోట నార కణజాలం నిండుతుంది, ముఖం ఉబ్బుతుంది. అదే సమయంలో కాలి ఎముకలు, పళ్ల కుదుళ్లు కూడా బలహీనమవుతాయి కనుక ఇది అందానికి సంబంధించిన సంగతి మాత్రమే కాదు.

తవుడును పూర్తిగా మానివేయండి. నేపియర్ స్థానంలో గరిక, ఎండబెట్టిన లూసర్న్ వాడండి. లూసర్న్‌లో కాల్షియం పుష్కలంగా ఉంటుంది. సున్నపురాయి పొడి వంటి కాల్షియం మందు ఎంత ఇవ్వాలో పశువైద్యుడే తేల్చాలి. కోలుకోవడానికి నెలలు పడుతుంది, ముఖం మీది వాపు కొంత శాశ్వతంగా మిగిలిపోవచ్చు కూడా. ఈ ఏడాది పోటీ మాట మరచిపోండి. మేత ఏది మార్చినా పది రోజుల వ్యవధిలో కొద్ది కొద్దిగా మార్చాలి. ఒక్క రోజులో మార్చితే శూల వచ్చి గుర్రం ప్రాణమే పోవచ్చు. ఉలవలు మంచివే, అయితే గుర్రం కడుపు గడ్డి కోసం ఏర్పడినది. 350 కిలోల గుర్రానికి రోజుకు కనీసం ఐదు కిలోల పైన ఎండు లెక్కలో గడ్డి అందాలి, గింజలు ఆ తరువాతి మాట.

మెరుపు గురించి అడిగారు. గుడ్లు, నెయ్యి, బీరు పోసి మెరుపు తెప్పించేవారి మాటలు నమ్మవద్దు. పేడ పరీక్ష చేయించి అవసరమైన పురుగుల మందు వేయించండి, పళ్లకు పదును వచ్చి నోరు కోసుకుంటున్నదేమో చూపించండి, రోజూ అరగంట గొరపంతో, ఆపై మెత్తని బ్రష్షుతో గట్టిగా మాలిష్ చేయండి. రోజూ సబ్బుతో కడిగితే చర్మంలోని సహజమైన నూనె పోయి వెంట్రుక పొడిబారుతుంది. కొబ్బరినూనె పూస్తే మన దుమ్మంతా దానికే అంటుకుంటుంది.

గుర్రం లావుగా ఉంటేనే బహుమతి వస్తుందన్న భ్రమ మన సంతలలోనే కాదు, విదేశీ పోటీలలోనూ ఉంది. గుర్రం ఒంటి పుష్టిని కొలవడానికి 1983లో హెన్నెకె అనే పరిశోధకుడు రూపొందించిన ఒకటి నుంచి తొమ్మిది వరకు ఉండే కొలమానం ప్రకారం అయిదు, ఆరు మధ్య ఉండటం మంచిది: పక్కటెముకలు కంటికి కనబడకూడదు, చేతితో తడిమితే తెలియాలి. అంతకు మించి పెంచితే గిట్టలోపలి పొర వాచి గుర్రం జీవితాంతం కుంటవచ్చు.

ప్రశ్న: నుదుట రెండు సుడులున్న గుర్రాన్ని పోటీకి తీసుకువెళితే న్యాయనిర్ణేతలు పక్కన పెడతారా? పంచకల్యాణికి ఎక్కువ మార్కులు ఇస్తారా? (ఒక పాఠకుడు, విజయవాడ)

జవాబు: నాలుగు కాళ్లూ ముఖమూ తెల్లగా ఉన్న పంచకల్యాణి శుభమన్న నమ్మకం మనకూ ఉంది, రాజస్థాన్ పెంపకందారులకూ ఉంది. శరీర నిర్మాణాన్ని, నడకను తూచే పోటీలో సుడికి గాని తెల్లమచ్చకు గాని మార్కులు ఉండవు. సంతలో ధర మాత్రం వాటిని బట్టి మారుతుంది, అందుకే కొందరు సుడి ఉన్న చోట వెంట్రుకలు గొరగడం, మచ్చలకు రంగు వేయడం వంటి పనులు చేస్తారు. తడిగుడ్డతో తుడిస్తే బయటపడే ఆ మోసానికి పోటీ నుంచి తొలగించడమే తగిన శిక్ష.

ప్రశ్న: మాకు పెళ్లి ఊరేగింపులకు వెళ్లే తెల్ల గుర్రం ఉంది. బ్యాండు మోతకూ బాణసంచాకూ బెదరదు, డప్పుకు ఆడుతుంది కూడా. అమ్మినవారు మార్వాడీ అన్నారు. మార్వాడీ తరగతిలో నిలబెట్టవచ్చా? (ఒక పాఠకుడు, మంగళగిరి)

జవాబు: దాని ముక్కు చివర, కళ్ల చుట్టూ, తోక కింద చర్మం ఏ రంగులో ఉందో చూడండి. చర్మం నల్లగా ఉండి వెంట్రుక మాత్రమే తెల్లబడితే అది పుట్టుకతో ముదురు రంగు గుర్రం, వయసుతో పాటు తెల్లబడినది. దానికి ఏ అభ్యంతరమూ ఉండదు. చర్మం గులాబీ రంగులో ఉండి, పుట్టినప్పుడే తెల్లగా ఉన్నది నుక్రా. పెళ్లిళ్లకు గిరాకీ ఉన్నది దీనికే గాని, ఇటువంటి పూర్తి తెల్ల గుర్రాలను మార్వాడీ జాతి పుస్తకంలో నమోదు చేయరు. అన్ని జాతులకూ కలిపి పెట్టే తరగతి ఉంటే అందులో నిలబెట్టండి. గులాబీ చర్మం మన ఎండకు కమిలిపోతుంది కనుక మధ్యాహ్నం నీడలో కట్టివేయడం, ముక్కు మీద జింకు లేపనం రాయడం మరవవద్దు.

మోతకు బెదరకపోవడం నిజంగా గొప్ప గుణం. సంతలో లౌడుస్పీకర్ల మధ్య నిలబడవలసిన గుర్రానికి అది సగం బలం. ఆట మాత్రం ఇక్కడ ప్రతికూలమే. డప్పు వినగానే ముందు కాళ్లు ఎత్తి తొక్కే గుర్రం చేత సాఫీగా నాలుగు అడుగులు వేయించడానికి చాలా ఓపిక కావాలి, మూడు వారాలలో ఆ అలవాటు మానదు.

ఒక మాట నేరుగా అడుగుతాను: మీ గుర్రం నోట ఉన్నది ముళ్ల కళ్లెం కాదు కదా? పెళ్లి గుర్రాలను అదుపులో ఉంచడానికి నోటిలోపలికి మేకుల వంటి కొనలున్న కళ్లెం వాడటం చాలా చోట్ల కనిపిస్తుంది. బరువు మోసే, లాగే జంతువుల పట్ల క్రూరత్వాన్ని నిరోధించే 1965 నాటి కేంద్ర నిబంధనలు దానిని నిషేధించాయి. నోటి మూలల పుండ్లు, నాలుక మీది మచ్చలు చూడగానే న్యాయనిర్ణేతకు సంగతి అర్థమవుతుంది. ఆ కళ్లెం ఉంటే ఈ రోజే తీసివేయండి, పోటీకి వెళ్లినా వెళ్లకపోయినా.

ప్రశ్న: మా అమ్మాయి కుటుంబం ఇంగ్లండులో ఉంటోంది. పదకొండేళ్ల మనవరాలు అక్కడి క్లబ్బులో వెల్ష్ పోనీ అనే పొట్టి జాతి గుర్రాన్ని పగ్గం పట్టి పోటీలో చూపబోతున్నది. పక్క పోనీలకు జూలు చక్కగా జడలల్లి ఉంటే, తన పోనీకి అల్లవద్దన్నారని చిన్నబుచ్చుకున్నది. ఎందుకట్లా? (ఒక అమ్మమ్మ, గుంటూరు)

జవాబు: అమ్మా, మీ మనవరాలికి చెప్పండి, జడలు లేకపోవడమే ఆ పోనీకి గౌరవం. బ్రిటన్‌లో కొండలలో, బీడు భూములలో తరతరాలుగా బతికిన పోనీ జాతులు కొన్ని ఉన్నాయి. వెల్ష్, షెట్లాండ్, డేల్స్, ఫెల్, హైలాండ్, ఎక్స్‌మూర్ వంటివి ఆ కోవలోనివి. గాలివానలో తమను కాపాడిన జూలు, తోక, కాళ్ల మీది వెంట్రుకలు ఉన్నవి ఉన్నట్లుగా ఉంచి చూపడమే వాటి సంప్రదాయం. జడలల్లేది స్వారీ కోసం మేలు చేసిన పోనీలకు, వేటగుర్రాల తరగతులకు. మెడ గీత చక్కగా కనబడాలని అక్కడ అల్లుతారు. పక్కన కనిపించినవి ఆ తరగతివి అయి ఉంటాయి. అరబ్బీ గుర్రాలకు కూడా జూలు విడిచే చూపుతారు.

ఎత్తు లెక్క కూడా తెలుసుకుంటే మీరు ఫోనులో మాట్లాడుకోవడానికి బాగుంటుంది. గుర్రాన్ని మూపు దగ్గర కొలుస్తారు, ఒక ‘హ్యాండ్’ అంటే నాలుగు అంగుళాలు. వెల్ష్‌లో అన్నిటికంటే చిన్నదైన సెక్షన్ ఎ పోనీ 12 హ్యాండ్లు, అంటే నాలుగు అడుగులు మించకూడదు. షెట్లాండ్ అయితే 42 అంగుళాలే. అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య పోటీలలో లాడాలు లేకుండా 148 సెంటీమీటర్ల వరకు ఉన్నది పోనీ, దాటితే గుర్రం. మన దేశంలోనూ మణిపురి, స్పితి, జంస్కారీ, భూటియా పోనీలు ఉన్నాయని పాపకు చెప్పండి. పోలో ఆటను ప్రపంచానికి ఇచ్చినది మణిపురి పోనీయే.

ముక్కు చుట్టూ ఉండే మీసాలను అందం కోసం కత్తిరించవద్దని కూడా చెప్పండి. దగ్గరి వస్తువులను గుర్రం గుర్తుపట్టేది వాటితోనే. అంతర్జాతీయ సమాఖ్య 2021 జూలై నుంచి తన పోటీలలో వాటిని తీసివేయడాన్ని నిషేధించింది. ఇక పాప తలకు హెల్మెట్, చేతులకు గ్లవ్సు, కాళ్లకు గట్టి బూట్లు ఉండాలి. పోనీ ఎంత సాధువైనా చెప్పులతో దాని పక్కన నడవకూడదు.

ప్రశ్న: విజయవాడ నుంచి సారంగ్‌ఖేడా దాకా లారీలో గుర్రాన్ని తీసుకువెళ్లాలి. ఏ కాగితాలు కావాలి, దారిలో ఏ జాగ్రత్తలు? (గుర్రాల యజమానులు ఇద్దరు, విజయవాడ)

జవాబు: గ్లాండర్స్ వ్యాధి లేదని చూపే రక్తపరీక్ష ఫలితం, ప్రయాణానికి ఆరోగ్యంగా ఉందని పశువైద్యుడిచ్చే ధ్రువపత్రం, ఈ రెండూ చేతిలో ఉండాలి. గ్లాండర్స్ గుర్రం నుంచి మనిషికి కూడా సోకే ప్రాణాంతక వ్యాధి. 2009 నాటి అంటువ్యాధుల నియంత్రణ చట్టం కింద దీనిని తప్పనిసరిగా అధికారులకు తెలపాలి, సోకినట్లు నిర్ధారణ అయితే ఆ జంతువుకు చికిత్స ఉండదు, ప్రాణం తీయవలసిందే. హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఈ పరీక్షలకు ప్రధాన ప్రయోగశాల కనుక నమూనా పంపి ఫలితం తెప్పించుకోవడానికి సమయం పడుతుంది. పోటీకి పది రోజుల ముందు మొదలుపెడితే కుదరదు. ధనుర్వాతం, ఫ్లూ టీకాలు కనీసం నెల ముందుగా పూర్తికావాలి. వానాకాలంలో జోరీగలు కుట్టిన గుర్రాలకు సర్రా అనే రక్త పరాన్నజీవి జబ్బు వచ్చే అవకాశం మన డెల్టాలో ఉంది కనుక, జ్వరం వచ్చి పోతూ, కాళ్లు వాచి, చిక్కిపోతున్న గుర్రాన్ని ఆ పరీక్ష కూడా చేయించకుండా బండి ఎక్కించవద్దు.

దారి దాదాపు వెయ్యి కిలోమీటర్లు. తలను పైకి కట్టివేసి తీసుకువెళ్లడమే అన్నిటికంటే పెద్ద పొరపాటు. గుర్రం తల వంచగలిగితేనే ఊపిరితిత్తులలోకి పోయిన దుమ్ము, చీమిడి బయటకు వస్తాయి. గంటల తరబడి తల ఎత్తి ఉంచితే న్యుమోనియా వస్తుంది. నాలుగు గంటలకొకసారి బండి ఆపి, తల కిందికి వంచనిచ్చి, నీళ్లు చూపండి. ఊరు మారితే నీటి రుచి మారి తాగవు కనుక ఇంటి నీళ్లు రెండు డబ్బాలు వెంట ఉంచుకోవడం మంచిది. సగం దారిలో ఒక రాత్రి దించి విశ్రాంతి ఇవ్వండి, సంతకు పోటీ రోజు కంటే కనీసం మూడు రోజుల ముందు చేరండి. డిసెంబరులో తాపీ ఒడ్డున రాత్రుళ్లు మనకు అలవాటు లేని చలి ఉంటుంది, కోస్తాలో పెరిగిన గుర్రానికి చలికాలపు బొచ్చు మందంగా పెరగదు. కంబళి తీసుకువెళ్లండి.

సంతలో వేరేవారి తొట్టిలో నీళ్లు తాగనివ్వవద్దు, ఇతర గుర్రాలతో ముక్కు ముక్కు తాకనివ్వవద్దు. తిరిగి వచ్చాక మూడు వారాల పాటు దానిని వేరే పాకలో కట్టి, దాని బకెట్టు, బ్రష్షు, తల పటకా వేరుగా ఉంచండి. ఇంట్లోని మిగతా గుర్రాల పని ముగిసిన తరువాతనే దాని దగ్గరకు వెళ్లండి. రోజూ ఉదయం, సాయంత్రం ఉష్ణోగ్రత చూసి రాసిపెట్టండి. విశ్రాంతిగా ఉన్నప్పుడు 38.5 డిగ్రీల సెల్సియస్ దాటినా, ముక్కు కారినా, చర్మం మీద గడ్డలు కనిపించినా, సొంత వైద్యం చేయకుండా పశువైద్యునికి కబురు పంపండి.